విప్పిన తాళ్ళు మూడు

హలో… ఆ ఆ, నేనే బావా, నీ మరదల్నే. పనిలో ఉన్నావా?… ఉన్నా సరే, కాస్త విను.

…ఏడవట్లేదు. గాలి హోరు అది. ఓడ మీద నుంచే చేస్తున్నా.

…పనిలోనే ఉన్నా! పనిలో ఉండబట్టే కొంప మునిగింది. నీకు తప్ప ఇంకెవరికి చెప్పను? తెరచాప ఓడ మీద ఏళ్ళ తరబడి చేసినవాడివి—

…చెప్తున్నా కదా, కంగారుపెట్టకు. వచ్చేవాళ్ళకి ఈ పాత ఓడ చూపిస్తూ, ఏ ఇంగ్లీషు మాట నావికుల దగ్గర ఎలా పుట్టిందో చెప్తాను కదా. ఇవాళ గుంపు బాగా కుదిరింది. చిట్టచివరిదాకా అనడానికి వాడే 'బిట్టర్ ఎండ్'లో చేదేమీ లేదండీ, బిట్స్ అనే గుంజల దగ్గరుండే లంగరు తాడు కొస అది, అక్కడిదాకా వచ్చామంటే ఇక వదలడానికి తాడు లేదన్నమాట అన్నా. నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాకు ఊపొచ్చింది.

…ఆ, ఊపొస్తే నేనేం చేస్తానో నీకు తెలుసుగా.

…తాగి తూలేవాణ్ణి 'త్రీ షీట్స్ టు ద విండ్' అంటారని చెప్పా. షీట్ అంటే దుప్పటి కాదు, తెరచాప కింది మూలని బిగించి పట్టే తాడు, అలాంటివి మూడు వదిలేస్తే చాప కొట్టుకుని ఓడ తాగుబోతులా ఊగుతుంది అని. ఒకావిడ "నిజంగానా?" అంది.

…అవును. విప్పా.

…మూడూ, బావా! రెండు విప్పితే మాట నిజం కాదు కదా!

…నవ్వకు. నీ కాళ్ళు పట్టుకుంటా, నవ్వకు. చాప టపటపా కొట్టుకుంటోంది ఇక్కడ. ఓడ ఒడ్డుకి కట్టే ఉంది, ఎక్కడికీ పోదు. పోయేది నా ఉద్యోగం. నెల రోజులు చూస్తామన్నారు కదా, ఇవాళే ఆఖరు. ఉంచాలో పంపాలో మేనేజరు మీసాల సారు సాయంత్రం తేలుస్తాడు. నాకీ పని ఇష్టం బావా… ఇంత ఇష్టపడి నేనే పనీ చెయ్యలేదు. మళ్ళీ ఆ బట్టల కొట్లో నిలబడలేను.

…జనమా? చప్పట్లు కొడుతున్నారు. ఇదంతా టికెట్లో భాగమనుకుంటున్నారు.

…ఆ, చాప కింద నుంచి అందర్నీ జరిపేశా.

…తాడు కొసలా? డెక్కు మీదే ఉన్నాయి. చివర ముడి ఉంది, జారిపోలేదు.

…ముందు గుంజకి ఒక చుట్టు… ఆ తర్వాత లాగడం. ఉత్త చేతుల్తో లాగితే?… అమ్మో, అరచేతి తోలు లేస్తుందా!

ఏవండీ, నాకు ఒక చెయ్యి ఫోనుకే సరిపోయింది, మీరు నా వెనకాల పట్టుకోండి. బాబాయ్ గారూ, మీరు కూడా. గాలి తగ్గినప్పుడే లాగాలి… ఇప్పుడు! ఐసా!

…ఒకటి బిగిసింది బావా!

…రెండోదానికి చుట్టు వేశా… అయ్యో. అయ్యో బావా, మీసాల సారు ఎక్కొస్తున్నాడు.

…గాలికి ఊడిందని చెప్పనా?… ఛ, ఇంతమంది ఎదురుగా విప్పి ఆ మాటెలా అంటాను? ఉండు.

నేనే విప్పాను సార్. చూపిస్తే బాగుంటుందని… లేదు సార్, కట్టడం రాదు. రోజూ తాళ్ళ గురించి గంటలు గంటలు మాట్లాడతాను గానీ, ఇవాళ్టిదాకా ఒక్క తాడూ ముట్టుకోలేదు. ఇదిగోండి నా కార్డు…

…ఉన్నావా బావా? మెళ్ళో కార్డు తీసి ఇవ్వబోయా. తీసుకోడే! ఉన్నచోటే నిలబడిపోయి చాప వంకే చూస్తున్నాడు.

…ఆఁ, నిర్ఘాంతపోయాడంటావా, 'టేకెన్ అబ్యాక్'. ఎదురుగాలి కొట్టి చాప వెనక్కి తిరిగితే ఓడ అక్కడే ఆగిపోతుందని… అబ్బ, ఆ పాఠం నేను చెప్పేది! ఇప్పుడా నీ పరాచికాలు?

…చెయ్యి చాపాడు బావా… కార్డుకి కాదు. తాడు ఇమ్మంటున్నాడు! కోటు విప్పేశాడు… లాగుతున్నాడు!

ఏంటి సార్?… వినపడలేదు…

బావా! "రేపు వచ్చేవాళ్ళ ముందు విప్పేటప్పుడు నన్ను పిలువు" అంటున్నాడు. రేపు, బావా! రేపు అన్నాడు!

…ఏడుస్తున్నా. ఇప్పుడు నిజంగానే ఏడుస్తున్నా, అయితే ఏంటంట?

వస్తున్నా సార్!… మూడోదానికి రెండు చేతులూ కావాలట బావా, పెట్టేస్తు—