స్టెప్నీ ఏది?

పేరు, వయసు, పని చెప్పమన్నారు. పేరు పైన మీరే రాసుకున్నారు. కాని మా వీధిలో ఆ పేరుతో అడిగితే ఎవరూ నా ఇల్లు చూపించరు, మిషనక్క అనాలి. వయసు యాభై ఎనిమిది. పని కుట్టుపని. వీధి వైపు కిటికీ ఉన్న ముందు గదిలో మిషను వేసుకుని, పెళ్ళయిన ఏడాది నుంచి కుడుతున్నాను. చదవడం, రాయడం, సంతకం చేయడం వచ్చు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నిన్న ఆసుపత్రి వరండాలో ఒకసారి చెప్పాను. వరస తప్పింది, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను.

కారు నా తమ్ముడిది. కిరాయికి నడుపుతాడు. నిన్న ఉదయం అందులో ముగ్గురం ఉన్నాం. నడుపుతున్నది తమ్ముడు, పక్కన నా అల్లుడు, వెనక నేను. నా కూతురూ అల్లుడూ కొత్తగా ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆ ఇంటి కిటికీలకు తెరలు కుట్టాను. అవి తగిలించి రావడానికి వెళ్తున్నాం. కూతురు అప్పటికే అక్కడ ఇల్లు కడుగుతోంది. ఇప్పుడు ఈ స్టేషను బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నిన్నటి నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దాని మొగుడు లోపల ఉన్నాడు. లోపల పెట్టించింది నేను.

అల్లుడు ఎలాంటివాడని అడిగారు. లిఫ్టులు బాగుచేసే పని చేస్తాడు. తాగడు, పొగ తాగడు, గొంతు పెంచడు. కాని ఇంట్లో అడుగు పెట్టాడంటే చాలు, "అత్తయ్యా, ఈ ప్లగ్గు వదులైంది. అత్తయ్యా, ఆ స్టూలు ఎక్కకండి, కాలు ఊగుతోంది" అని మొదలుపెడతాడు. నా మిషను మోటారు తీగ అరిగిందని, అడక్కుండానే కోసేసి కొత్తది వేశాడు. నా తమ్ముడు అతనికి 'జాగ్రత్తగారు' అని పేరు పెట్టాడు. "జాగ్రత్తగారు వచ్చారక్కా, ఊపిరి కూడా చూసి పీల్చు" అనేవాడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. అల్లుడు నవ్వేవాడు కాదు. నవ్వని మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇది కేసుకు అక్కర్లేదంటే కొట్టేయండి.

పదిన్నర అయి ఉంటుంది. పదకొండు కూడా అయి ఉండొచ్చు, నా చేతికి గడియారం లేదు. ముందు రాత్రి బాగా వాన పడింది, పొద్దున్న మాత్రం ఎండ చుర్రుమంటోంది. రోడ్డు మలుపు తిరుగుతుండగా కారు కింద గరగరమని చప్పుడు మొదలైంది. "సైలెన్సర్ గొట్టం జారింది" అని తమ్ముడు అక్కడే ఆపబోయాడు.

"మలుపులో వద్దు మావయ్యా. వెనకొచ్చేవాళ్ళకి మనం కనపడం. మెల్లగా పోనిచ్చి, మలుపు దాటాక రోడ్డు దిగి ఆపండి" అన్నాడు అల్లుడు.

"ఈలోగా గొట్టం ఊడి పడితే కొత్తది నువ్వు కొంటావా?"

"కొంటాను."

తమ్ముడు మెల్లగా పోనిచ్చాడు. మలుపు దాటి, రోడ్డు దిగి, మట్టి అంచున ఒక చెట్టుకు కాస్త ముందు ఆపాడు. అల్లుడు దిగీదిగగానే పని మొదలుపెట్టాడు. నాలుగు దీపాలూ మిణుకుమనేలా పెట్టించాడు. ఎర్ర ముక్కోణం పలక తీసుకుని వెనక్కి, మలుపు దాకా నడిచి నిలబెట్టి వచ్చాడు. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. తరువాత నా తలుపు తీశాడు.

"అత్తయ్యా, దిగండి. రోడ్డు వైపు కాదు, ఇటు నుంచి."

"లోపల కూర్చుంటే నీ సొమ్మేం పోయిందయ్యా? నా మోకాళ్ళ సంగతి నీకు తెలియదా?"

"జాకీ ఎక్కించిన కారులో మనుషులు ఉండకూడదు. వెనక నుంచి ఏ బండైనా వచ్చి గుద్దినా ప్రమాదమే. ఆ చెట్టు దగ్గర ఉండండి, ఇటు రాకండి."

దిగాను. దిగక ఏం చేస్తాను? చెట్టు దగ్గర నేలంతా బురద. కూర్చోవడానికి ఒక రాయి కూడా లేదు, ఉన్నవన్నీ చక్రాల కిందకు పోయాయి. నిలబడ్డాను. నా మోకాళ్ళకు నిలబడటం అంటే శిక్ష.

వాళ్ళిద్దరూ డిక్కీ తెరిచి నా తెరల మూట తీసి తడిగడ్డి మీద పెట్టారు. మూట కింద స్టెప్నీ ఉంది. అంటే అదనపు చక్రం. అల్లుడు దాన్ని దింపాడు. చెట్టు వైపున ఒక చెక్కముక్క వేసి, దాని మీద జాకీ పెట్టి కారు లేపాడు. లేపాక స్టెప్నీని కారు కిందకు తోసి, జాకీ పక్కన పడుకోబెట్టాడు. పెట్టింది అతనే, నేను కళ్ళారా చూశాను. కాని ఎందుకు పెట్టాడో ఎవరూ చెప్పలేదు. నా కొత్త తెరలేమో తడిలో, పాత టైరేమో కారు నీడలో! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడు వాళ్ళకు మాటామాటా వచ్చింది. షెడ్డు నుంచి మెకానిక్కును పిలుద్దామని అల్లుడు, గొట్టం కట్టడానికి మెకానిక్కు దేనికని తమ్ముడు.

"నేల మెత్తగా ఉంది మావయ్యా. కిందకి వెళ్ళకండి."

"నువ్వు పుట్టకముందు నుంచి కార్ల కింద దూరుతున్నానోయ్ జాగ్రత్తగారూ!"

"మీ ఇష్టం మావయ్యా. మీ ప్రాణం."

ఈ మాట నిన్న మీకు చెప్పాను. బెదిరించాడని చెప్పాను. ఏ గొంతుతో అన్నాడు అని మీరిప్పుడు అడుగుతున్నారు. మామూలు గొంతుతోనే అన్నాడు. స్టూలు ఎక్కకండి అనే గొంతుతోనే.

తమ్ముడు కిందకు తొంగి చూసి, గొట్టం పట్టీ తెగిందని, కట్టడానికి తీగ కావాలని చెప్పాడు. ముందర కొంచెం దూరంలో ఒక లారీ ఆగి ఉంది. దాని డ్రైవరును తీగ అడగడానికి అల్లుడు వెళ్ళాడు. తమ్ముడికి ఫోను వచ్చింది. ఎవరో కిరాయివాళ్ళు. మాట్లాడుతూ రోడ్డు దాటి అటువైపు వెళ్ళాడు. కారు దగ్గర ఎవరూ లేరు.

ఎంతసేపని నిలబడతాను? స్టెప్నీ ఊరికే పడి ఉంది కదా అని వెళ్ళి, కారు కింద నుంచి లాగి, నిలబెట్టి దొర్లించుకుంటూ చెట్టు కిందకు తెచ్చుకున్నాను. రోజూ గుడ్డల మూటలు ఎత్తే చేతులు, బరువు నాకు లెక్క కాదు. టైరు మసి బట్టలకు అంటుకుంటుందని, ఎలాగూ తడిసిన పైతెర ఒకటి తీసి దాని మీద పరిచి కూర్చున్నాను. ప్రాణం హాయిగా ఉంది.

ఇక్కడ మీరు కలం పక్కన పెట్టారు. దేని మీద కూర్చున్నారని మళ్ళీ అడిగారు. స్టెప్నీ మీద అని మళ్ళీ చెప్పాను. మీరు నీళ్ళు తాగారు. "కానివ్వండి, తర్వాత ఏమైంది?" అన్నారు. అందులో అంత ఆలోచించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

తరువాత అల్లుడు తీగ పట్టుకుని వచ్చాడు. తమ్ముడూ ఫోను జేబులో పెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కారు వెనక్కి వెళ్ళారు. తమ్ముడు వెనక నుంచే వెల్లకిలా కిందకు జారాడు. అల్లుడు తీగ అందించి, మలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏదైనా బండి వస్తే "బండి మావయ్యా" అని చెబుతున్నాడు. తమ్ముడు కింద నుంచి, "అక్కా, తెరలు ఏం రంగు?" అని అరిచాడు. "నీకెందుకురా, పని చూసుకో" అన్నాను. నేను వాడితో అన్న చివరి మాట అదే.

కిర్రుమని చప్పుడైంది. కారు మెల్లగా చెట్టు వైపుకు ఒరుగుతోంది. అల్లుడు వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు. జాకీ దగ్గర అతని కాలు కదిలింది. అది చూశాను. కారు పడింది.

జాకీని తన్నాడని నిన్న చెప్పాను. తన్నాడా, జారిపోకుండా కాలు అడ్డం పెట్టాడా అని మీరు అడిగారు. అయ్యా, నాకు తెలియడం లేదు. కాలు కదలడం తెలుసు. అతని మోకాలు చీరుకుపోయి రక్తం కారడం తెలుసు. తన్నినవాడికి మోకాలు ఎందుకు చీరుకుపోతుంది? నిన్న ఈ ఆలోచన నాకు రాలేదు. నిన్న నాకు ఏ ఆలోచనా లేదు.

కారు పడగానే నేను లేచి పరుగెత్తాను. తమ్ముడి కాళ్ళు రెండే బయట ఉన్నాయి. ఒక చెప్పు ఊడిపోయింది. అల్లుడు మాత్రం మోకాళ్ళ మీద వంగి కారు కిందకు చూసి, "స్టెప్నీ ఏది?" అన్నాడు. లేచి ఇటు తిరిగి, "స్టెప్నీ ఏది? ఇక్కడ పెట్టాను, స్టెప్నీ ఏది?" అని అరిచాడు. నాకు మతిపోయింది. మనిషి నలిగిపోతుంటే టైరు అడుగుతాడేమిటి? వీడికి పిచ్చి పట్టిందా అనుకున్నాను. అప్పుడు అతను చెట్టు వైపు చూశాడు. నేను లేచిన ఊపుకు తెర జారిపోయి టైరు బయటపడి ఉంది. దాన్ని చూశాడు. తరువాత నన్ను చూశాడు. చూసి తల దించుకున్నాడు. ఆపైన స్టెప్నీ అనే మాట ఎత్తలేదు. లారీ డ్రైవరును కేక వేశాడు. ఇద్దరూ, దారినపోయేవాళ్ళు మరికొందరూ కలిసి కారు పైకి ఎత్తిపట్టారు. తమ్ముణ్ణి బయటకు లాగింది అల్లుడే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు చేశాడు కాబట్టే నా మొహం చూడలేక తల దించుకున్నాడని అనుకున్నాను. అందుకే ఆసుపత్రిలో మీరు అడగగానే, "నా అల్లుడే తన్నాడు, వాళ్ళిద్దరికీ పడదు" అన్నాను. నా కూతురు పక్కనే ఉంది. "అమ్మా, చూసే అంటున్నావా?" అని అడిగింది. చూసే అంటున్నాను అన్నాను.

తమ్ముడికి పక్కటెముకలు విరిగాయి. నోట్లో గొట్టం ఉంది. ఈ ఉదయం కళ్ళు తెరిచాడు, మాట లేదు. రెండు రోజులు గడవాలని డాక్టరమ్మ చెప్పింది.

ఇంతవరకు రాశాక, నాకు ఒకటి చెప్పండి అని మిమ్మల్ని నేనే అడిగాను. అంత గొడవలో అతనికి స్టెప్నీ ఎందుకు అని. మీరు చెప్పారు. జాకీ మీద ఉన్న కారు కిందకు వెళ్ళేటప్పుడు పక్కన స్టెప్నీ పడుకోబెడతారని. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుందని. ఆ సందులో మనిషి బతుకుతాడని.

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పారు.

అంటే అది ఊరికే పడి ఉన్నది కాదు. అది నా తమ్ముడి కోసం పెట్టింది. నేను దాని మీద కూర్చున్నాను. వాడు తెరలు ఏం రంగని అడిగినప్పుడు నేను దాని మీదే కూర్చుని ఉన్నాను.

నాకు తెలియదయ్యా. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నా? చెట్టు దగ్గర ఉండండి, ఇటు రాకండి అని మాత్రం చెప్పాడు. చెప్పాడు. నేనే వెళ్ళాను.

అల్లుడు ఏం చెప్పాడని అడిగాను. అతని కాగితంలోంచి మీరు చదివి వినిపించారు. "స్టెప్నీ పెట్టాను. మావయ్య కిందకు వెళ్ళేముందు మళ్ళీ చూసుకోలేదు. తప్పు నాదే." ఇంతే ఉంది. ఎవరు తీశారని మీరు మూడుసార్లు అడిగినా తెలియదు అన్నాడట. తెలియకపోవడం ఏమిటి? అతను చూశాడు. టైరు చూశాడు, తరువాత నన్ను చూశాడు. నేను అతని మీద వేలు చూపిస్తుంటే కూడా వరండాలో గోడకు ఆనుకుని ఊరుకున్నాడు. అరిగిన తీగ కనిపిస్తే ఊరుకోనివాడు, ఊరుకున్నాడు. నన్ను కాపాడమని అతన్ని ఎవరడిగారు? నేను అతనికి ఏనాడైనా ఒక మంచి మాట చెప్పానా?

అతన్ని వదిలిపెట్టండి. నన్నేం చేయాలో చేయండి. బయట బెంచీ మీద ఉన్న నా కూతురికి మీరు చెప్పకండి, నేనే చెబుతాను. తమ్ముడికి మాట వస్తే వాడికీ నేనే చెబుతాను. తెరలు నీలం రంగు.

ఈ కాగితాలు నాకు రెండుసార్లు చదివారు. మొదటిసారి చెవికి ఎక్కలేదు, రెండోసారి విన్నాను. ఇందులో ఉన్నది నేను చూసింది, నేను చేసింది. నిన్న చెప్పిన 'తన్నాడు' అనే మాటకు మాత్రం నా కళ్ళు సాక్ష్యం కావు, అది నా నోటి మాట. దాన్ని కొట్టేయమని కోరుతున్నాను.

గమనిక: సాక్షికి సంతకం చేయడం వచ్చు. మూడుసార్లు కలం పట్టుకున్నారు. చెయ్యి నిలవనందున ఎడమ బొటనవేలి ముద్ర తీసుకున్నాం.