అల్లుడుగారి ఆవిరి గొట్టం

శనివారం పొద్దున. అమెరికాలో, పార్సిప్పనీలో ఓ టౌన్‌హౌస్ గరాజ్. చెత్తబుట్ట బయట పెట్టే నెపంతో అల్లుడు గోపాల్ అక్కడికి చేరాడు. వెనకాలే, చెప్పులు వెతుక్కునే నెపంతో మామగారు భీమశంకరం వచ్చారు. నెపాలకు ఆ ఇంట్లో ఎప్పుడూ కొదవలేదు.

“దాచకండి అల్లుడు గారూ. చూసేశాను.”

“ఏం చూశారు మావయ్యగారూ? ఇదా? పెన్‌డ్రైవ్ అండీ. ఆఫీసుది.”

“పెన్‌డ్రైవ్‌ని నోట్లో పెట్టుకుంటారేవిటండీ?”

“అంటే... దుమ్ము పడితే అప్పుడప్పుడూ ఊదుతాం.”

“ఊదలేదండీ మీరు. పీల్చారు. తర్వాత ముక్కులోంచి పొగొచ్చింది.”

“పొగ కాదండీ, ఆవిరి.”

“పెన్‌డ్రైవ్‌లోంచి ఆవిరా?”

“కొత్త మోడలండీ.”

“అల్లుడు గారూ?”

“సరే. వేప్ అండీ. దీన్ని వేప్ అంటారు. మీ అమ్మాయికి మాత్రం చెప్పకండి. దణ్ణం పెడతాను.”

“మీరు నాకు దణ్ణం పెట్టడం ఏవిటండీ, మీ కాళ్లు కడిగి పిల్లనిచ్చినవాణ్ణి. తలుపు వేసుందా?”

“వేసే ఉంది. స్విమ్మింగ్ క్లాస్ నుంచి పాప కృతిని తీసుకుని మీ అమ్మాయి రష్మి రావడానికి ఇంకా టైముంది. ఈ పెద్ద తలుపు పైకి లేచిందంటే మాత్రం నా పని అయిపోయినట్టే.”

“అయితే గబగబా చెప్పండి. సరుకెలా ఉంటుంది?”

“ఏ సరుకు?”

“ఇదేనండీ, మీ గొట్టం. మా వీరభద్రం లేడూ, రాజోల్లో, చుట్ట మానలేక చస్తున్నాడు. వాడికి పనికొస్తుందేమో. బుధవారం నా ఫ్లైటు కదా.”

“ఇండియాలో ఇవి బ్యాన్ అండీ. తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.”

“అలాగా. అయితే తీసుకెళ్లను లెండి. వివరం చెప్పండి చాలు, వాణ్ణి ఫోన్లో ఊరిస్తాను.”

“నిజంగా అడుగుతున్నారా? కోప్పడరా?”

“ముప్ఫయ్యేళ్లు చుట్ట కాల్చినవాణ్ణి. గుండెలో స్టెంటు పడేదాకా బుద్ధి రానివాణ్ణి. నాకు కోప్పడే మొహం ఎక్కడిదండీ? చెప్పండి. ఆఫీసులో టెస్టింగ్ టీముకి లీడు కదా మీరు, టెస్టు చేసే ఉంటారు.”

“టెస్టింగా! మావయ్యగారూ, జీతమిచ్చే ప్రాజెక్టుని కూడా ఇంత శ్రద్ధగా టెస్టు చేయలేదు నేను. సిగ్గు లేకుండా చెప్తున్నాను. మొదట ఖరీదైంది ఒకటి కొన్నాను. షాపువాడు ప్రీమియం అన్నాడు. ప్రీమియం అంటే మనం ఆగం కదా. అది జేబులో లీకైపోయింది.”

“ఎక్కడ?”

“మనింట్లోనే. సత్యనారాయణ వ్రతంలో. పట్టు లాల్చీ జేబులో.”

“ఓహో! ఆ వేళ పంతులుగారు ఊరికే ‘మామిడిపండు వాసనొస్తోంది, నైవేద్యంలో పెట్టలేదేం’ అని సతాయించింది...”

“నా జేబు వాసనకేనండీ.”

“అయ్యో రామ! నేను ఫ్రిజ్జంతా వెతికాను కదండీ మామిడిపండు కోసం!”

“చూశాను. పీటల మీద కూర్చుని, ‘స్వామీ, ఈ ఒక్కసారికి కాపాడు’ అని దణ్ణం పెట్టుకున్నాను. భలే భక్తిగా చేస్తున్నాడని మీరందరూ మెచ్చుకున్నారు కూడా.”

“మెచ్చుకున్నాం. నేను వియ్యపురాలుగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను.”

“ఇంకా సిగ్గుపడమంటారా?”

“వద్దు లెండి. దీని సంగతి చెప్పండి.”

“ఇది చవక రకం. పారేసేది కాదు, రసం మనమే పోసుకోవాలి. ఈ స్టేట్‌లో ఫ్లేవర్లు అమ్మరు, అందుకని పెన్సిల్వేనియా వెళ్లి తెచ్చుకుంటాను.”

“పెన్సిల్వేనియాలో గుడికి కదండీ మీరు వెళ్లేది?”

“గుడికీ వెళ్తానండీ. ముందు షాపు, తర్వాత గుడి.”

“ఆ క్రమంలోనా?”

“షాపువాడు ముందే మూసేస్తాడండీ.”

“సరే, సరే. పొగాకుంటుందా ఇందులో?”

“ఉండదు. రసంలో నికొటిన్ కలుపుతారు. అసలు మనిషిని పట్టుకునేది అదే. అది లేకపోతే వట్టి మామిడి ఆవిరి, పసిపిల్లల జలుబుకి పట్టినట్టు. అందులో ఒక చుక్క అటూ ఇటూ అయినా నా నాలుక పట్టేస్తుంది. పదిహేనేళ్ల సర్వీసు.”

“నాలుక అంటే అలా ఉండాలి. రోజూ వాడకానికి ఆగుతుందా మరి?”

“రోజూ వాడకానికి నాకు కావలసింది ఒక్కటేనండీ. రష్మికి దొరక్కూడదు. బ్యాటరీ, గీటరీ అన్నీ దాని తర్వాతే. ఖరీదైనదానికి నీలం లైటు వెలిగేది. ఓసారి ఆఫీసు మీటింగులో కెమెరా ఆన్‌లో ఉందని మర్చిపోయి లాగాను. లైటు వెలిగింది, మొహం నిండా మబ్బు. మా మేనేజరు గాభరా పడి, ‘గోపాల్, ఇంట్లో ఏదైనా అంటుకుందా’ అంది.”

“ఏమన్నారు?”

“ఇడ్లీలన్నాను.”

“మధ్యాహ్నం పూటా?”

“ఆవిడ అమెరికనండీ. ఇడ్లీ వేళలు తెలీవు. పైగా మర్నాడు ఇడ్లీల రెసిపీ అడిగింది. రష్మిని అడిగి రాసిచ్చాను.”

“పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం విన్నాను కానీ, మూత తీసి ఊరందరికీ పంచడం ఇదే చూడ్డం. మరి ఎక్కడ దాస్తారు దీన్ని?”

“అదిగో, మంచు మీద చల్లే ఉప్పు బకెట్. రసం సీసా అడుగున ఉంటుంది. వేసవిలో అదెవరు ముడతారు చెప్పండి?”

“ఎవరూ ముట్టరండీ.”

“చూశారా! డిజైన్ అంటే అదీ.”

“ఘాటు ఎలా ఉంటుందండీ? మా వీరభద్రానికి ఘాటు లేకపోతే గిట్టదు.”

“అదేనండీ వింత. కొన్న కొత్తలో మామూలే, గొంతులో గరగర, పొద్దున్న లేస్తే నోరంతా చేదు. వాడగా వాడగా సాఫైపోయింది. ఈ మధ్య దగ్గు లేదు. మెట్లెక్కితే ఆయాసం లేదు. నిద్ర పడితే పొద్దున్నే లేవడం. ఇంత చవకలో ఇంత పనితనం! చైనావాణ్ణి మెచ్చుకోవాలి.”

“గొప్పవాడే చైనావాడు.”

“ఆన్‌లైన్లో ఫైవ్ స్టార్ రివ్యూ కూడా రాశానండీ.”

“మీ పేరుతోనా?”

“హ్యాపీ హస్బెండ్ అని పెట్టాను.”

“హ్యాపీయేనా?”

“...ఏదో, రాయాలి కదండీ.”

“కిక్కు ఉంటుందా మరి? అంత సాఫీగా ఉంటే?”

“ఎందుకుండదూ! నిన్న క్లయింట్ కాల్ ముందు చేతులు వణికాయి. ఇక్కడికొచ్చి రెండు పఫ్‌లు లాగాను. అంతే, మంత్రం వేసినట్టు ఆగిపోయాయి. గంట సేపు గడగడా మాట్లాడాను.”

“రెండు పఫ్‌లకే?”

“రెండే. ఖరీదైనదానితో అయితే అరగంట పీల్చినా తీరేది కాదు.”

“ఊఁ. అల్లుడు గారూ, ఒక మాట అడగనా? ఏమీ అనుకోరు కదా?”

“అడగండి.”

“సిగరెట్లు మానేస్తానని కృతి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారటగా.”

“...వేశాను.”

“మరి?”

“ఒట్టు సిగరెట్టు గురించండీ. ‘సిగరెట్టు ముట్టను’ అన్నాను. వేప్ మాట రాలేదు. మా ఆఫీసులో దీన్ని రిక్వైర్‌మెంట్ గ్యాప్ అంటాం. అవతలివాడు అడగనిది మనం ఇవ్వక్కర్లేదు.”

“ఆ పిల్ల తల కింద కూడా గ్యాప్ ఉందంటారా?”

“మావయ్యగారూ...”

“ఊరికే అడిగానండీ.”

“ఊరికే కాదు. సరిగ్గానే అడిగారు. తప్పులు పట్టడానికి జీతం తీసుకునేవాణ్ణి, సొంత ఒట్టుకే కన్నం వేసుకున్నాను. కంచే చేను మేసింది. మార్చిలో కృతికి జ్వరం వచ్చింది గుర్తుందా?”

“ఉంది.”

“ఫ్లూ అన్నారు. క్లాసులో సగం మందికి వచ్చింది. వైరస్ అంటే ఏంటో నాకు తెలీదా? చదువుకున్నాను కదా. అయినా దాని నుదుటి మీద చెయ్యి వేస్తే, ఇది నా ఒట్టు వేడే అనిపించింది. బాత్రూములోకి వెళ్లి, ఎవరికీ వినపడకుండా కుళాయి తిప్పి ఏడ్చానండీ. ఏడ్చి, మొహం కడుక్కుని...”

“ఊఁ?”

“రెండు పఫ్‌లు లాగాను. అదీ నా బతుకు.”

“విన్నానండీ.”

“ఏం విన్నారు?”

“మీ ఏడుపు. పక్కగది నాదే కదా. ఈ అట్టముక్కల గోడలకి కుళాయి తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే.”

“...మరి ఇన్నాళ్లూ ఏమీ అనలేదే!”

“అల్లుణ్ణి ఏమంటామండీ. మా వైపు అల్లుడికి అన్నం వడ్డిస్తాం కానీ బుద్ధి వడ్డించం.”

“రష్మికి చెప్పారా?”

“తండ్రిని కదండీ.”

“అంటే? చెప్పారా, చెప్పలేదా?”

“మీరు చెప్తే బావుంటుందని అంటున్నాను. ఇవాళే. నేనున్నప్పుడే.”

“నా వల్ల కాదు. పోయినసారి కోటు జేబులో సిగరెట్టు దొరికినప్పుడు అరవలేదండీ తను. అరిస్తే బావుండేది. ‘ఇంకోసారి అబద్ధం చెప్పావంటే, బయట వాన పడుతోందని నువ్వు చెప్పినా నేను కిటికీ తీసి చూసుకుంటాను’ అంది. అంతే. పదకొండేళ్ల కాపురంలో నాకు మిగిలింది ఆ నమ్మకమేనండీ. అది కూడా పోతే నేనేం చేసుకోను?”

“అందుకే చెప్పమంటున్నాను. దొరికిపోయాక చెప్పేది వేరు, ముందే చెప్పేది వేరు.”

“చెప్పి? తర్వాత?”

“మానేయండి.”

“మానడమా! పెద్దవాళ్లు మీరు, మీకు తెలియందేముంది. చూయింగ్ గమ్ నమిలాను. దవడలు నొప్పెట్టాయి తప్ప ఏం లేదు. జబ్బకి నికొటిన్ పట్టీలు వేసుకున్నాను. దురద. ధ్యానం యాప్ పెట్టుకున్నాను. అది కళ్లు మూసుకోమంటే నాకు సిగరెట్టు కనపడేది. సిగరెట్టు నుంచి దీనికొచ్చాను, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు.”

“ఇప్పుడు ఒకపూట లేకుండా ఉండలేరూ?”

“ఒకపూటా! మధ్యాహ్నానికల్లా తల పగిలిపోతుందండీ. మొన్న దీన్ని ఇంట్లో మర్చిపోయి ఆఫీసుకెళ్లాను. గుర్తొచ్చిన దగ్గర్నుంచీ ఒళ్లంతా చెమటలు.”

“గుర్తొచ్చిన దగ్గర్నుంచా? అంతకుముందు?”

“అంతకుముందు... బానే ఉన్నాను. పనిలో పడి తెలీలేదు. ఎందుకలా చూస్తారు?”

“ఏమీ లేదండీ.”

“నాది మామూలు అలవాటు కాదు మావయ్యగారూ. రక్తంలోకి వెళ్లిపోయింది. నికొటిన్ లేకుండా ఒక్కరోజు గడపడం నాలాంటివాడి వల్ల అయ్యే పని కాదు. కావాలంటే నన్ను తిట్టండి.”

“ఆ చప్పుడేవిటండీ?”

“చప్పుడా? అయ్యో! తలుపు లేస్తోంది. వచ్చేశారు. ఇంత తొందరగానా! ఆ బకెట్ ఇటివ్వండి. కాదు, వద్దు, మీ లాల్చీ జేబులో...”

“నా జేబులో పెట్టుకోనండీ. మీ చేతిలోనే ఉండనివ్వండి.”

“కారు కనపడుతోంది! కృతి చెయ్యి ఊపుతోంది!”

“మీరూ ఊపండి. రెండో చేత్తో.”

“...సరే. సరే మావయ్యగారూ. అయిపోయింది. దాచను. ఈ దాగుడుమూతలు నావల్ల కావట్లేదు. చెప్పేస్తాను.”

“ఏమని చెప్తారు?”

“ఉన్నదున్నట్టు. ఒట్టు తప్పానని చెప్తాను. ఇన్నాళ్లూ నికొటిన్ పీలుస్తూనే ఉన్నానని, ఇవాళ పొద్దున కూడా పీల్చానని, మానడం నా వల్ల కాలేదని. నమ్మినా మానినా, ఈ ఒక్కసారికి నిజమే చెప్తాను.”

“అలా చెప్పారంటే అదీ అబద్ధమే అవుతుందండీ అల్లుడు గారూ. అమ్మాయి తెప్పించిన నికొటిన్ లేని రసం, మొదట సగం సగం, తర్వాత పూర్తిగా, మీ సీసాలో పోస్తూ వచ్చింది నేనే. మీరు మానేసి నెల దాటిపోయింది.”