మోకు తగలని చోటు

పంతొమ్మిది వందల ఎనభై ఒకటి, ఎండాకాలం మొదలు. తాటిచెట్లు గెలలేసి కల్లు దిగే రోజులు. తాళ్ళ అంకయ్య పొద్దు పొడవంగానే చెట్టెక్కాడంట. ఎక్కి, మట్టల్లో కుదురుకుని గెల చెక్కుతా ఉంటే కింద వాగులోంచి ఏదో అరుపు. తలొంచి చూస్తే ఏముందీ, కంకర క్వారీ సుబ్బరాయుడూ, వాడి బావమరిదీ కలిసి కోటయ్యని గడ్డపారతో కొడతన్నారు. కోటయ్యంటే తెలుసుగా, క్వారీ పేలుళ్ళకి ఇళ్ళ గోడలు నెర్రెలిస్తన్నాయని పైవాళ్ళకి అర్జీ పెట్టినవాడు. అంకయ్య చెట్టు దిగేలోపల ప్రాణం పోయింది. వాగుకి అటూ ఇటూ చూసుకున్నారంట గానీ, పైకి చూడాలన్న ఊహే రాలేదు వాళ్ళకి. అంకయ్య పోలీసుల దగ్గరికి పోయి చూసింది చూసినట్టు చెప్పేశాడు. సుబ్బరాయుణ్ణి పట్టుకున్నారు, నెలరోజుల్లో బెయిలు మీద వదిలారు. కేసేమో వానాకాలానికి గానీ కోర్టుకి రాదు. సాక్షి అంకయ్య ఒక్కడే. అంకయ్య బతికుంటే కేసుంది, లేకపోతే లేదు. అంతే అనుకో. ఇంతలో ఎవరో కబురు మోసుకొచ్చారు, చెట్టు మీంచి జారిపడి చచ్చిన గీతగాళ్ళు ఎంతమంది లేరు, ఇంకొకడు పడితే ఎవరడుగుతారు అని సుబ్బరాయుడు అన్నాడంట.

అప్పుడు ఏమైందంటే, కోటయ్య తల్లి వీరమ్మ పోయి కలెక్టరు కచేరీ మెట్ల మీద కూర్చుంది. లే అంటే లేవదు. నా కొడుకెట్టాగూ పోయినాడు, వాడి చావు చూసిన కళ్ళనన్నా కాపాడండి అందంట. కూర్చోంగా కూర్చోంగా అంకయ్య పేరున తుపాకి లైసెన్సొచ్చింది. వీరమ్మే తన గేదెల్ని అమ్మి చిన్న రివాల్వరు కొనిచ్చింది. చిన్నదంటే ఎంత, మూసిన పిడికిట్లో సగం దాక్కుంటది. మేం, తోపులో అంకయ్యతో గీసేవాళ్ళం, దాన్ని పిట్ట అనేవాళ్ళం. ఎట్టా పట్టుకోవాలో, ఎట్టా పట్టుకోగూడదో పోలీసు జమేదారు వారంరోజులు నేర్పించి, ఒక మాట చెప్పాడంట: ఇది నీ దగ్గరుందని తెలియాల, ఎక్కడుందో తెలియగూడదు అని. మీరడగొచ్చు, ఆ నాలుగు నెలలూ ఇంట్లో కూర్చోవచ్చుగా అని. ఎట్టా కూర్చుంటాడు? గెలని పొద్దునా సాయంత్రం చెక్కాల. రెండురోజులు మానితే కోసిన చోటు ఎండిపోద్ది, ఆ ఏటికి ఆ చెట్టు అయిపోయినట్టే. పదహారు చెట్లు అంకయ్యవి. కాబట్టి పిట్టని వెంటబెట్టుకునే ఎక్కాల. రోజూ ఎక్కాల. ఎక్కడ పెట్టుకుని ఎక్కాల? అదీ చిక్కు.

మొదట మొలతాడు కింద, బొడ్డు పక్కన దోపుకున్నాడు. నేల మీద బాగానే ఉంది. చెట్టెక్కుతా, నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టే మోకు మీద బరువేసేసరికి ఇనుము పొట్టలోకి దిగింది. రెండోరోజు మాలకొండమ్మ, అంకయ్య పెళ్ళాం, వీపు రుద్దుదామని నీళ్ళ దగ్గరికొచ్చి ఇట్టా తిప్పి చూసి, "ఏందయ్యా ఇది, పొట్ట మీద వంకాయ కాసింది?" అందంట. సరే అని వెనక్కి మార్చాడు. మోకు బరువంతా పడేది నడుము మీదే కదా, వెనక ఎట్టా ఊరుకుంటది? వెన్నుపూసకి గుచ్చుకుని మూడుచెట్లు ఎక్కేసరికి మనిషి విల్లయిపోయాడు. తలగుడ్డలో చుట్టుకున్నాడు. వంగి కల్లు కుండ, అదే లొట్టి, అందుకోబోతే తలగుడ్డ జారి, పిట్టా, బీడీకట్టా, అన్నీ కలిసి లొట్లో పడ్డాయి. నవ్వబాకండి, ఆ రోజు కల్లు మేమే తాగాం. తుడిచి, నూనె రాసి, ఎండబెట్టుకుని, ఇక నడుముకి వేలాడే కత్తుల పెట్టెలో పెడదామన్నాడు. అదే బాగుందన్నాం అందరం. రోజుకి యాభైసార్లు చెయ్యి ఆ పెట్టెలోకి పోద్ది. కత్తి అనుకుని లాగితే పిట్టొస్తది. ఒకసారి గెల మీద పెట్టి చెక్కబోయాడంట కూడా. ఊరికి ఊరంతా సలహాలే అనుకో. పిక్కకి కట్టుకోమని ఒకడు, ఎక్కేటప్పుడు కాళ్ళకి తాడు బందం ఉందిగా ఎట్టా కడతాడని ఇంకొకడు. దాచుకోవాల్సినదాన్ని గురించి రచ్చబండ మీద పంచాయతీ! నాలుగోరోజుకి అంకయ్య విసిగిపోయి, "వీరమ్మత్తా, నీ పిట్టని నువ్వు తీసుకో, చస్తే సుఖంగా చస్తా" అన్నాడు. ఆమె కళ్ళొత్తుకుని పోయింది.

పోయి మస్తాను సాయిబుకి చెప్పింది. మస్తాను మా ఊరి దర్జీ. మాట తక్కువ, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు. మిషను మూసేసి నేరుగా తోపులోకొచ్చాడు. "బావా, నువ్వు దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూస్తన్నావు. మోకు ఎక్కడ తగలదో అది చూడు ముందు" అన్నాడు. చూడ్డమెట్టా సాయిబూ అంటే, బొగ్గు నూరి నూనెలో కలిపి మోకుకి పూశాడు, చెట్టు బోదెకి పూశాడు, ఎక్కి దిగమన్నాడు. అంకయ్య దిగొచ్చేసరికి చూడాల మనిషిని! నడుము నలుపు, వీపు నలుపు, తొడలు నలుపు, బోదెని కావలించుకున్న రొమ్మూ చేతులూ నలుపు. మేం పడీపడీ నవ్వుతుంటే సాయిబు నవ్వలా. అంకయ్య చేతులు పైకెత్తించి చుట్టూ తిరిగాడు. ఎడమ చంక కింద, పక్కటెముకల మీద, జానెడు చోటు తెల్లగా ఉంది. బొగ్గు మరక లేదు. "ఇదీ జాగా" అని టేపు తీశాడు.

మేక తోలుతో సంచి కుట్టాడు. లోపల పాతబొంత గుడ్డ, చెమట ఇనుముకి అంటకుండా. మీద మూత, మూతకి నొక్కుడు గుండీ, పిట్ట మీట ఎక్కడా దేనికీ తగలకుండా. రెండు భుజాల మీదుగా నవారు పట్టీ, బరువు మెడ మీద పడకుండా. మొదటిసారి తొడిగితే నడిచినప్పుడల్లా ఎముకల్ని కొట్టింది. విప్పి, కింద ఒక తాడేసి మొలతాడుకి ముడేశాడు. రెండోసారి పట్టీ ఒరిసింది. విప్పాడు. పిడి వెనక్కి తిరిగుంటే చెయ్యి సరిగా అందలా, ముందుకి తిప్పి మళ్ళీ కుట్టాడు. అయిదుసార్లు విప్పాడు, అయిదుసార్లు కుట్టాడు. ఇప్పుడు బాగానే ఉందిలే సాయిబూ అని అంకయ్య అంటే, "బాగుందని అంటన్నావంటే ఇంకా నీకది గుర్తుంది. మర్చిపోయిన రోజు చెప్పు" అన్నాడంట. తర్వాత ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, అంకయ్య ఇంటెనక నీళ్ళు పోసుకోబోతుంటే మాలకొండమ్మ కెవ్వున అరిచింది, "ఓరి నీ మతి మండ, పిట్టతో సహా పోసుకుంటన్నావా!" అని. ఆమే పోయి మస్తానుకి చెప్పింది, కుదిరిందన్నా అని.

ఇక్కడ ఇంకో చిక్కొచ్చింది. చంకలోది కనపడకుండా మీద చొక్కా వెయ్యాల. కల్లు గీసేవాడు చొక్కా తొడుక్కుని చెట్టెక్కడం ఎక్కడన్నా చూశారా? తోపులో ఏడుగురం గీసేవాళ్ళం, ఆరుగురు గోచీల మీద, ఒక్కడు చొక్కాతో. వీడే అంకయ్య అని చాటింపేసినట్టు. మస్తాను రెండురోజులు ఆలోచించి ఒకే తానులోంచి ఏడు చొక్కాలు కుట్టాడు. ఇంకో ఆరు సంచులు కుట్టాడు. వాటిల్లో తాటిమట్ట ముక్కలు. మిగతావాళ్ళు వేసుకున్నారు. నేను వేసుకోనన్నా. నాకు మొండితనం పుట్టుకతోనే వచ్చింది, మా అమ్మ కూడా ఒప్పుకుంటది. మా తాత చొక్కా లేకుండా ఎక్కాడు, మా నాయన ఎక్కాడు, రోహిణి ఎండలో ఈ గోనె నాకెందుకు అన్నా. మస్తాను నాతో వాదించలా. "నీకు కొలత కూడా తియ్యలా, కళ్ళతో చూసి కుట్టా. బిగుతైతే చెప్పు" అని నా మోకు తగిలించే కొయ్యకి వేసి పోయాడు. మూడురోజులు అది అక్కడే ఉంది. నాలుగోరోజు పోలయ్య, మా చిన్నాన్న కొడుకు, "ఏరా అన్నా, మేమందరం చొక్కాలేసుకుంటే, వేసుకోని నువ్వు అంకయ్యవి కాదని తెలిసిపోద్ది. మిగిలిన ఆరుగురిలో వెతుక్కుంటారు. వాళ్ళకి పని తగ్గిస్తన్నావు" అన్నాడు. తొడుక్కున్నా. బిగుతు లేదు.

వైశాఖం చివర, సాయంత్రం గీత. ఎండ ఇంకా దిగలా. ముగ్గురొచ్చారు, మా వైపు మనుషులు కాదు, చేతుల్లో వేటకొడవళ్ళు. తల పైకెత్తి చూశారు. ఏడు చెట్లు, ఏడు చొక్కాలు. ఎవరు అంకయ్యో తెలియక ఒకడు, "ఒరే అంకయ్యా, కిందికి దిగరా, నీతో మాటుంది" అని అరిచాడు. నా పక్కచెట్టు మీంచి "ఏందా మాట?" అని వెంకటసామి. ఈ పక్కనుంచి "నేనే అంకయ్యని, అక్కణ్ణించే చెప్పు" అని నేను. ఇంకొకడు "అంకయ్య ఇంట్లో లేడు" అన్నాడు, వాడికి భయమేస్తే ఎకసెక్కాలొస్తాయి. పోలయ్య అప్పుడే దిగతా ఉన్నాడు. నేలకి నిలువెత్తు పైన ఉన్నాడు. పైకి పోవచ్చు, పోలా. "అంకయ్యని నేనురా" అన్నాడు. వాళ్ళకి అందేది వాడే. కొడవలి విసురు కాలి మీద పడింది. పోలయ్య మోకు వదల్లా, బోదెని కరుచుకుని అట్టానే ఉన్నాడు. రెండో వేటుకి చెయ్యెత్తేలోపల అంకయ్య చెయ్యి చంకలోకి పోయింది. ఏ తడుములాటా లేదు, గుండీ తీసిందీ లాగిందీ ఒకటే కదలిక అంట. వాళ్ళ కాళ్ళ ముందు ఇసకలో ఒక్కటి పేల్చాడు. దాంతోపాటు మేమందరం చంకల్లో చేతులు పెట్టాం. తాటిమట్ట ముక్కల మీద! వాళ్ళు ఒక్కో చెట్టూ చూసుకుంటా వెనక్కి నడిచి, వాగు దగ్గర పరుగందుకున్నారు. తర్వాత పోలీసులకి దొరికారు, ఎవరు పంపారో చెప్పారు.

వానాకాలంలో అంకయ్య బోనెక్కి సాక్ష్యం చెప్పాడు. సుబ్బరాయుడికీ, వాడి బావమరిదికీ యావజ్జీవం పడింది. వీరమ్మ కోర్టు బయట మస్తాను రెండుచేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంటే, ఆయన సిగ్గుపడి, "నాదేముందమ్మా, కుట్టు" అన్నాడు. పిట్టని అంకయ్య సర్కారుకి అప్పజెప్పేశాడు. తర్వాత ఇరవయ్యారేళ్ళు బతికి, ముసలితనంతోనే పోయాడు. మాలకొండమ్మ ఇప్పటికీ మా ఏడిళ్ళలో ఎవరికి జబ్బుచేసినా ముందొస్తది. చొక్కా లేకుండా ఎక్కడం మా తోపులో ఇప్పుడు నామోషీ. నాకు ఆ సాయిబు మీదున్న కృతజ్ఞత చెప్పుకోవడానికి ఇన్నేళ్ళయినా సరైన మాట దొరకలా, అందుకే కథ చెప్తన్నా. పోలయ్య కాలు మోకాలి కింద తీసేశారు. వాడప్పటికి ఇరవై రెండేళ్ళవాడు. మళ్ళీ చెట్టెక్కలా.