రెండో పరీక్ష

ఆసుపత్రి ల్యాబులో భోజనాల వేళ. తెల్లకోటులో అక్క, ఎదురుగా స్టూలు మీద చెల్లెలు. చెల్లెలి కొడుకు పోయి నెల దాటింది.

“నా మీద రాసిన ఫిర్యాదులో సంతకం పెట్టడానికి ఇంతదూరం ఎందుకే? ఇంట్లోనే పెట్టేయాల్సింది.”

“ముందు నీ నోట వినాలక్కా.”

“ఫోన్లో అందరికీ చెప్పాగా. తప్పు నాదే. మరిచిపోయాను.”

“ఏం మరిచిపోయావ్?”

“రెండో పరీక్ష.”

“అదేంటో నాకు తెలీదు. చెప్పు.”

“ఇప్పుడెందుకే అవన్నీ? అన్నం తిన్నావా?”

“అక్కా.”

“సరే, సరే. రక్తంలో రోగాలతో పోరాడే కణాలుంటాయి కదా. అవి ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లే సైటోకైన్లు. కబురు అందుకోడానికి కణం మీద రిసెప్టర్ ఉండాలి. మన బుడిగాడికి కణాలు మరీ తక్కువున్నాయని, రిసెప్టరే లేదేమో చూడమని డాక్టరుగారు రక్తం పంపించారు.”

“నువ్వు చూశావు.”

“చూశాను. ఆ రిసెప్టర్‌కి మాత్రమే అతుక్కునే యాంటీబాడీ ఒకటుంటుంది, దానికి రంగు పట్టించి ఉంటుంది. రక్తంలో కలిపి, కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందునుంచి పోనిస్తాం. మెరిస్తే ఉన్నట్టు.”

“మెరిశాయా?”

“నిక్షేపంగా మెరిశాయే. కోటు కూడా విప్పకుండా వరండాలోకి పరిగెత్తి నీకు ఫోన్ చేశాను, ఉంది, ఉంది అని.”

“ఉందన్నావు. ఆయన వాణ్ణి ఎత్తుకుని ఇల్లంతా గంతులేశారు.”

“ఉంది మరి! గుమ్మం పక్కన కాలింగ్ బెల్ బటన్ ఉంది. లోపల వైరు లేదని చూస్తే ఎలా తెలుస్తుంది?”

“నొక్కితే తెలుస్తుంది.”

“అదేనే రెండో పరీక్ష. కణాల మీద సైటోకైన్ పోసి పావుగంట ఆగాలి. రిసెప్టర్ ముక్కలు దగ్గరికొస్తాయి. వాటి తోకలు కణం లోపలుంటాయి, ఆ తోకల్ని పట్టుకునున్న ఎంజైములు నిద్రలేస్తాయి. స్టాట్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది, దాని మీద ఫాస్ఫేటు ముద్ర పడుతుంది. ముద్ర పడ్డ స్టాట్ కేంద్రకంలోకి పోయి, పెరుగు, పోరాడు అని చెప్తుంది. ఆ ముద్ర పడిందా లేదా అని చూడాలి.”

“బుడిగాడికి?”

“పడలేదు. పైభాగం బాగానే ఉంది. తోకే పొట్టి. ఎంజైము పట్టుకోడానికి చోటు లేదు.”

“అంటే కబురొచ్చేది. వాడికి వినపడేది కాదు.”

“వాడికి కాదే. వాడి కణాలకి.”

“ఏదైతేనేం అక్కా. ఇది ఎప్పుడు తెలిసింది?”

“జ్వరమొచ్చి ఐసీయూలో చేర్చాక. అప్పుడు చేశాను.”

“మొదటిరోజే చేసుంటే?”

“టీ తాగుతావా? ఫ్లాస్కులో ఉంది.”

“మొదటిరోజే చేసుంటే?”

“ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా వేరే గదిలో పెట్టేవాళ్ళు. ఎముక మూలుగ మార్పిడికి ఏర్పాట్లు చేసేవాళ్ళు. నేను ఉందన్నాను కాబట్టి, వేరే కారణమేమో చూద్దామని మూడు వారాలు ఆగారు. ఆ మూడు వారాలూ నా మూలంగా పోయాయి.”

“ఆ మూడు వారాలూ చుట్టాలంతా వాణ్ణి చేతులు మార్చుకుని ఎత్తుకున్నారు. ముద్దులు పెట్టుకున్నారు. నేనే అందించాను.”

“నీకేం తెలుసే? ఏడవకు. ఇలా చూడు. మరిది గారు రాసినదాంట్లో తప్పేం లేదు. సంతకం పెట్టు.”

“పెడితే నీ ఉద్యోగం పోతుంది.”

“పోనీ.”

“అమ్మ నీతో మాట్లాడ్డం మానేసిందట.”

“ఎన్నాళ్ళులే. నా వంటకి వంకలు పెట్టకుండా ఆవిడ బతకలేదు.”

“నవ్వించకక్కా, నాకు నవ్వు రావట్లేదు.”

“నాకు మాత్రం వస్తోందా?”

“పద్నాలుగేళ్ళ సర్వీసులో ఇంకేదైనా పరీక్ష మరిచిపోయావా?”

“గుర్తులేదు.”

“గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వచ్చి మళ్ళీ వెనక్కెళ్ళేదానివి. నువ్వు మరిచిపోయావు?”

“మనిషినే కదే. మరిచిపోయాను. పెన్ను ఇదిగో.”

“నా మొహం చూసి చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పించుకుంటావే? మరిచిపోయాను, మరిచిపోయాను, మరిచి...”

“ఊరుకో అక్కా. ఆ సాయంత్రం నువ్వు మళ్ళీ ఫోన్ చేశావు. రక్తం చాల్లేదు, రెండో పరీక్షకి ఇంకో రెండు చుక్కలు కావాలన్నావు. ఉందన్నావుగా, వాడిప్పుడే పడుకున్నాడు, మళ్ళీ సూది గుచ్చనివ్వను అని ఫోన్ పెట్టేసింది నేను.”