కాలరు కింద సూత్రాలు

ఉతకబోయిన యూనిఫాం చొక్కాను తల్లి కుట్టుమిషను మీద పరిచి, చిన్నకూతుర్ని పిలిచింది. చొక్కా వీపున, కాలరు కింద, బట్టలకు గుర్తులు పెట్టే సుద్దతో లెక్కల సూత్రాలు రాసి ఉన్నాయి.

“నా సుద్దతో నాకే నామాలు పెడుతున్నావా? ఇవాళ పరీక్షలో కాపీ కొట్టావు కదూ?”

“లేదమ్మా. నాకన్నీ నోటికొచ్చు.”

“ఏదీ, వృత్తం వైశాల్యం చెప్పు.”

చెప్పింది. ఏది అడిగినా తడుముకోకుండా చెప్పింది. తల్లికి అనుమానం ఇంకా ముదిరింది.

“ఇంత బాగా చదివినదానివి, ఇవెందుకు రాసుకున్నావు? అయినా నీ వీపు నీకెలా కనపడుతుందే?”

కూతురు కిటికీ వైపు చూసింది.

“నీ వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు?”

“అక్క.”

పెద్దది పోయినేడు తప్పి, చెల్లెలి తరగతిలోనే కూర్చుంటోంది.

“అదే రాయమందా?”

“దానికసలు తెలీదు. జడ ముందుకేసుకుని కూర్చున్నాను, అది తలెత్తితే కనపడుతుందని.”

“చూసి రాసిందన్నమాట.”

“లేదు. ఈసారీ తప్పితే చదువు మాన్పించి మిషను మీద కూర్చోబెడతానన్నావుగా. అప్పట్నుంచి అది తలే ఎత్తడం లేదమ్మా.”