కింద ఎవరూ లేరు

క్రాగుయెవాత్స్‌లో ఆ మధ్యాహ్నం సెంకా కాఫీ పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లేసరికి మరిది నెబోయ్షా బరువులెత్తుతున్నాడు. పక్కనే పాత కారు, దుమ్ముపట్టి ఉంది. ఆమె భర్త రాడోయె దాని కిందే పోయాడు.

"సైలెన్సర్ మార్చాలి, కారు ఎత్తు తగ్గించాలి అంటూ అన్నదమ్ములిద్దరూ తిండి కూడా మరిచేవాళ్లు. ఇప్పుడు దాన్ని ముట్టుకోవు. పొద్దస్తమానం ఈ ఇనుమేనా?"

"ఆ రోజు జాకీ జారి అన్నయ్య మీద పడ్డప్పుడు కారు ఎత్తలేకపోయాను వదినా."

"ఎవరివల్లా కాదని డాక్టరే అన్నాడుగా."

"నావల్ల అవుతుంది. నిన్న ఎత్తాను."

సెంకా కారు వైపు తిరిగింది. "ఎత్తి?"

"దించలేకపోయాను. దించితే మళ్లీ అన్నయ్య మీదే పడుతుందనిపించింది. పట్టు తప్పేదాకా అలాగే నిలబడ్డాను."

ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టింది. "ఏదీ, ఇప్పుడు ఎత్తు."

"వద్దు వదినా."

"ఎత్తమన్నానా!"

కారు వెనకభాగం లేచింది. అతని మెడ నరాలు ఉబ్బాయి. సెంకా నేల మీద మోకాళ్లూని, కారు కింది చీకట్లోకి తల వంచి, ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా చూసింది.

"ఎవరూ లేరు నాయనా," అంది. "దించెయ్."