సోమయాజులు గారి పగడపు కడ్డీలు

సభకు నమస్కారం. మా సోమయాజులు సార్ భార్య కాత్యాయని అమ్మా, మా హెడ్ రామాంజనేయులు సార్, సీనియర్లూ, సోమయాజులు సార్ పేరు చెప్పి క్లాసు ఎగ్గొట్టి తార్నాకలో టీ తాగే నా తోటి విద్యార్థులూ!

ముందుగా క్షమాపణలు. ఇంతమంది పెద్దలుండగా మైకు నా చేతికి చిక్కినందుకు క్షమించండి. ఇరవై వేల ఏళ్ల కిందటి మంచు కరిగి సముద్రం నూట ఇరవై మీటర్లు పైకొచ్చింది. అందులో నా పాత్ర ఏమీ లేదు. అయినా అందుకూ క్షమించండి. ఈ డిపార్ట్‌మెంటులో ఏది జరిగినా చివరికి ఈ కిట్టుగాడి మీదికే వస్తుంది కదా!

మన సోమయాజులు గారు లేరు. ఆ మాట ఇంకా నోటికి అలవాటు కాలేదు.

సార్ ఏం చేసేవారో బంధువులకు తెలియకపోవచ్చు. అండమాన్ వైపు ఓ చిన్న దీవి ఒడ్డున లోతుగా రంధ్రాలు వేయించి పగడపు రాయిని బయటికి తీయించేవారు. అప్పడాల కర్రల్లాంటి కడ్డీలు. పగడం నీటి పైభాగానికి దగ్గర్లోనే బాగా పెరుగుతుంది. పాత పగడం ఏ లోతులో దొరికితే, అది బతికిన రోజుల్లో సముద్రం ఆ దరిదాపుల్లో ఉన్నట్టు. అంతే! ఇంత మాత్రం అర్థమవడానికి నాకు రెండేళ్లు పట్టింది. సార్‌కి విసుగు రాలేదా? వచ్చే ఉంటుంది. చూపించారా? ఏనాడూ లేదు.

ఓసారి ఆయనే ఒక కడ్డీని ట్రేలో తలకిందులుగా పేర్చారు. ఆ లెక్కన సముద్రం ఎక్కాల్సిన కాలంలో దిగిపోతోంది. దాని మీద సెమినార్ ఇచ్చారు. మేం చప్పట్లు కూడా కొట్టాం. పరిశోధన చేస్తున్న మా హారిక ఒక్కతే లేచి, పగడం కొమ్మలు నేలవైపు ఎందుకు పెరుగుతున్నాయని అడిగింది. సార్ కడ్డీని అటూ ఇటూ తిప్పి చూశారు. “అమ్మా హారికా, ఇన్నాళ్లూ సముద్రం చేత శీర్షాసనం వేయించాను” అన్నారు. మర్నాడే పత్రికకు పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. మనలో ఎంతమందిమి ఆ పని చేస్తాం? నేనైతే పగడానిదే తప్పనేవాణ్ని.

దీవిలో మాకు అన్నం పెట్టే శ్యామలాంబ గారిది శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబం. ఆవిడ నూతి నీళ్లు ఉప్పగా మారాయి. “ఏటి బాబూ, మీ రాళ్లు మా నూతి మాటేటీ సెప్పవా?” అని అడిగింది. “చెబుతాయమ్మా, కానీ మీకు నచ్చదు” అన్నారు సార్. సముద్రం మళ్లీ పెరుగుతోందనీ, ఈసారి లోకాన్ని వేడెక్కించింది మనమేననీ, ఆ నుయ్యి మీద ఆశ పెట్టుకోవద్దనీ చెప్పారు. చెప్పి లేచిపోలేదు. మా పని ఆపించి, దీవి నడిమి మిట్ట మీద కొత్త నూతికి చోటు చూసిపెట్టారు. ఊరి బడిని ఎంత ఎత్తుకు మార్చాలో కడ్డీలన్నీ చదివి చెబుతానని మాటిచ్చారు. సగం చదివారు. మిగతా సగం ఉండగానే వెళ్లిపోయారు.

ఆ కడ్డీల పెట్టెలున్న గదిని కంప్యూటర్ల కోసం ఖాళీ చేయాలని కమిటీ తీర్మానించింది. రాళ్లు పారబోయడానికి శుక్రవారం లారీ వచ్చింది. తలుపు తీస్తే పెట్టెల్లేవు! అప్పట్నుంచి హెడ్ గారు కనబడిన వాణ్నల్లా “ఏమప్పా, రాళ్లు యాడికి పోయినాయి?” అని అడుగుతున్నారు.

సార్, తప్పును నవ్వుతూ ఒప్పుకోవచ్చని చూపించినందుకు థాంక్స్. చేదు మాట చెప్పాక అక్కడే కూర్చోవాలని నేర్పినందుకు థాంక్స్. దీవికి వెళ్లిన ప్రతిసారీ పడవలో నేను వాంతి చేసుకుంటుంటే నా తల పట్టుకున్నందుకు, అది ఎవరికీ చెప్పనందుకు మరీ మరీ థాంక్స్.

దయచేసి అందరూ లేవండి. తలలు వంచండి. మౌనం పాటించేటప్పుడు ఎవరూ అరవకూడదు కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పేస్తాను. గురువారం సాయంత్రం ఆ పెట్టెలను ఆటోల్లో లాలాపేటకు చేర్చింది నేనే. “ఏంది భాయ్, గింత బరువున్నది?” అని ఆటో అన్న అడిగితే మా అక్క పెళ్లి సామానన్నాను. అన్నీ మా ఇంట్లో మంచాల కింద భద్రంగా ఉన్నాయి. మిగతా సగం నేనూ హారికా చదువుతాం. బడి సంగతి చెబుతామని శ్యామలాంబ గారికి ఫోన్ కూడా చేసేశాను.

హెడ్ గారూ, తల వంచండి సార్. రెండు నిమిషాలు.